యంత్రములకు మాట నేర్పిన చరిత్ర

నల్లగొండ జిల్లాలో మునుగోడు, నాంపల్లి ప్రాంతములను ఆనుకొని మర్రిగూడ మండలము కలదు. చెల్క నేలలు, గ్రానైటు గుట్టలు, వానకాలమున నిండి వేసవికి ఎండిపోవు కుంటలు ఆ ప్రాంతపు రూపురేఖలు. అచ్చటి నేలలో ఎంత లోతునకు త్రవ్వినను తగులునది రాయియే. ఆ రాతి పగుళ్లలో నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరగియుండును. త్రాగునీటిలో అది లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. వేరు నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చునని అందులోనే సడలింపు కలదు. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి మొదట పండ్లపై గారలు, పిమ్మట కీళ్ల బిగువు, తుదకు ఎముకల వంకరలు సంభవించును.

ఈ వ్యాధి కథ మన దేశమున 1937లో మొదలైనది. ఆనాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించిన వైద్యులు దీనిని తొలిసారి శాస్త్రీయముగ వర్ణించిరి. 1955లో డాక్టరు సిద్దికీ నల్లగొండ జిల్లా రోగులను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసమును ప్రకటించిరి. 1970 దశకమున నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు పటిక, సున్నము కలిపి నీటిని తేర్చు పద్ధతి నొకదానిని రూపొందించిరి. నేటికిని ప్రపంచమంతట దానికి నల్లగొండ పద్ధతి యనియే పేరు. ఒక జిల్లా పేరు ఒక చికిత్సా విధానమునకు అట్లు నిలిచిపోవుట గౌరవమో దుఃఖమో చెప్పుట కష్టము. పద్ధతి మంచిదే, కాని ప్రతి దినము నీటి గుణమును బట్టి పటికను కొలిచి వేయవలెను, అడుగున పేరిన మడ్డిని తీసివేయవలెను. ఆ శ్రద్ధ ఏమరిన నాడు తొట్టిలోని నీరు మరల బావి నీరే.

కావున దూరపు నదీజలమును తెచ్చుటయే శాశ్వతోపాయమని అందరును అంగీకరించిరి. 2015 జూన్ 8న, అప్పటికి నల్లగొండ జిల్లాలోనే యున్న చౌటుప్పలులో, ఇంటింటికి నల్లా నీరు ఇచ్చు పథకమునకు స్థూపము ఆవిష్కరింపబడెను. 2016 ఆగస్టు 7న గజ్వేలు సమీపమున కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమయ్యెను. కృష్ణానది నీరు శుద్ధియై, పంపులచే ఎత్తబడి, మెట్ట ప్రాంతములకు గొట్టముల ద్వారా ప్రయాణము చేయ మొదలిడెను.

నేటి ప్రసంగ విషయము ఇక్కడనే పుట్టుచున్నది. ఊరి బావి నీరు చెడ్డదైనను కంటి యెదుట నుండును. చేద వేసిన వానికి నీరు ఎంత యున్నదో ఎవరును చెప్పనక్కర లేదు. నదినీరు మంచిదే కాని, అది ఎచ్చటనో పంపులవద్ద బయలుదేరి, దారిలో ఎన్నో తొట్లలో ఆగి, ఎన్నో వాల్వులు దాటి రావలెను. వాటిలో ఒక్కటి చెడిన వార్త సకాలమున చేరనిచో నల్లా ఎండిపోవును. నల్లా ఎండిన ఇల్లాలు బిందె పట్టుకొని పోవునది మరల ఆ ఫ్లోరైడు బోరు వద్దకే. కనుక నీటితో పాటు నీటి వార్తయు నడచి రావలెను. ఆ వార్తను మోయుటకు యంత్రములకు మాట ఎట్లు నేర్పిరో, ఆ మాటలో ఎచ్చట పొరపాటునకు చోటున్నదో మనవి చేయుటయే ఈ ప్రసంగ లక్ష్యము.

పూర్వము మన చెరువుల క్రింద ఈ కార్యమును మనుష్యుడే నిర్వహించెడివాడు. తెలంగాణములో అతనికి నీరటి యని పేరు. తూము ఎంత ఎత్తవలెనో, ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో అతనికి తెలియును. కట్టకు గండి పడునట్లున్నచో టముకు మ్రోగును. ఆ మ్రోతకు అర్థమేమో ఊరిలో పసివానికి గూడ తెలిసియుండుటచేతనే టముకు ఉపయోగకరమైనది. ధ్వని వినబడినంత మాత్రమున వార్త కాదు. విన్నవాడును వినిపించినవాడును దాని అర్థమును గూర్చి ముందే ఒడంబడి యుండవలెను. యంత్రముల భాషకు గూడ ఇదియే పునాది.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. ఆ కాలమున ఇట్టి నిర్మాణములలో చాలవరకు కొలత తీయుట కొలబద్ద చెంత నిలబడిన మనుష్యుని పని, దానిని పంపుట టెలిఫోను పని. కర్మాగారములలో మాత్రము వేరొక పద్ధతి అప్పటికే కలదు. సన్నని గొట్టములలో గాలి ఒత్తిడిని మార్చి కొలతలను పంపెడివారు: చదరపు అంగుళమునకు 3 పౌండ్లు అనిన కనిష్ఠము, 15 పౌండ్లు అనిన గరిష్ఠము. పిమ్మట గాలి స్థానమున విద్యుత్తు వచ్చెను. 4 మిల్లీఆంపియర్ల ప్రవాహము కనిష్ఠమునకును, 20 మిల్లీఆంపియర్లు గరిష్ఠమునకును గుర్తుగ స్థిరపడెను.

కనిష్ఠమునకు సున్నను వాడక 4ను వాడుటలోని వివేకమును శ్రోతలు గమనింపవలెను. తొట్టి ఖాళీ యైనప్పుడు తీగలో 4 మిల్లీఆంపియర్లు ప్రవహించును. తీగ తెగినచో ప్రవాహము సున్న యగును. ‘తొట్టిలో నీరు లేదు’ అనుట వేరు, ‘నాకు వార్త రాలేదు’ అనుట వేరు. ఈ రెండింటిని వేరు చేసి చెప్పగలుగుటయే ఆ పాత తీగ గొప్పతనము. తరువాతి కాలమున ఎన్నో విధముల చతురమైన భాషలు పుట్టినవి. వాటిలో ఏది మంచిదో పరీక్షించుటకు ఈ ఒక్క గీటురాయి చాలును.

అయితే ఒక తీగకు ఒకే కొలత. పది కొలతలకు పది జతల తీగలు లాగవలెను. పరికరమే లెక్కపెట్టగలదై, తన కొలతలను ఒకే తీగపై వరుసగ చెప్పగలిగినప్పుడే ఈ చిక్కు వీడును. అందులకు పరికరము లోపల ఒక గణకయంత్రము కావలెను.

ఈ ఘట్టమున మన హైదరాబాదునకు చెప్పుకొనదగిన స్థానము కలదు. 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ క్రింద భారత ఎలక్ట్రానిక్స్ సంస్థ, అనగా ఇ.సి.ఐ.ఎల్., ఇచ్చట స్థాపితమయ్యెను. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు దానిని రూపొందించి నడిపిరి. ఏ.ఎస్. రావు నగర్ అను పేరున వారి స్మృతి నగరమున నిలిచియున్నది. ట్రాంబేలో రూపకల్పన జరిగిన టి.డి.సి.-12 అను గణకయంత్రమును ఈ సంస్థ 1969లో వెలువరించెను. జీతముల పట్టీలకే గాక, నడచుచున్న యంత్రములను ఆయా క్షణముననే గమనించి అదుపుచేయు కార్యములకు గూడ ఈ శ్రేణి గణకములు ఉద్దేశింపబడినవి. కాని అవి బీరువా వంటివి. ఒక పంపునకు, ఒక మీటరునకు ఒక బీరువాను తగిలించుట సాధ్యము కాదు గదా!

1971లో ఇంటెల్ సంస్థ గణకపు మెదడును గోరంత సిలికాను బిళ్లపై నిలిపెను. 1980లో అదే సంస్థ 8051 అను బిళ్లను వెలువరించెను. దానిలో కార్యక్రమమునకు 4 కిలోబైట్ల చోటు, పని చేయుటకు 128 బైట్ల జ్ఞాపకము, వీటితో పాటు అక్షరము వెంట అక్షరమును తీగపైకి పంపు ద్వారము కూడ అమరియుండెను. ఆ కొద్ది పెట్టుబడితోనే కొలతపరికరమునకు బుద్ధియు నాలుకయు ఏకకాలమున లభించెను. ఇక కావలసినది భాష.

ఆ భాష అప్పటికే పుట్టియున్నది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు బెడ్‌ఫర్డ్ పట్టణమున డిక్ మోర్లీయు అతని సహచరులును 1968లో కర్మాగార యంత్రములను అదుపుచేయు ఒక క్రొత్త గణకమును తలపెట్టిరి. అది వారి 84వ ప్రయత్నము గనుక దానికి 084 అని పేరిడిరి. దానినుండియే మోడికాన్ అను సంస్థ వెలసెను. 1979లో ఆ సంస్థ తన నియంత్రకములు పరస్పరము మాటలాడుకొను నియమములను మోడ్‌బస్ అను పేర ప్రకటించెను. ఆ నియమములు చాల సులభమైనవి. తీగపై ఒకడే అడుగువాడు. తక్కినవారందరు అడిగిననే చెప్పువారు. ప్రతి పరికరమునకు 1 మొదలు 247 వరకు ఒక సంఖ్య. అడుగువాడు ‘17వ పరికరమా, నీ ఫలానా గడి మొదలు రెండు గడులలో నున్నది చెప్పుము’ అనును. 17వది మాత్రమే సమాధానమిచ్చును. ప్రశ్న చివరను, సమాధానము చివరను ఒక సరిచూపు సంఖ్య యుండును. దారిలో ఒక్క అక్షరము చెడినను ఆ లెక్క తప్పిపోవును, విన్నవాడు ఆ మాటను పారవేయును.

ఇది ఇంతగా వ్యాపించుటకు కారణము దాని ప్రతిభ కంటె దాని దాపరికము లేమి. నియమపత్రము బహిరంగము; రాసికొనుటకు రుసుము లేదు; చిన్న బిళ్లలో ఇముడును. 2004లో దాని హక్కులు అందరికి సంబంధించిన ఒక సంఘమునకు అప్పగింపబడినవి. పుట్టి నలువది సంవత్సరములు దాటినను నీటి పంపులు, విద్యుత్ మీటర్లు, జనరేటర్లు నేటికిని ఆ భాషలో మాటలాడుచున్నవి.

కాని సులభమైన భాషలో ఒక పెద్ద వెలితి యుండెను. గడిలో ఏ సంఖ్య యున్నదో మోడ్‌బస్ చెప్పును; ఆ సంఖ్య దేనిని సూచించుచున్నదో చెప్పదు. ‘100’ అని సమాధానము వచ్చెను. అది సెంటీమీటర్లా? అంగుళములా? నూటికి నూరు పాళ్లు నిండిన తొట్టియా? ఈ చిక్కు తెలంగాణము వారికి క్రొత్త కాదు. నిజాం రాజ్యమున హాలీ సిక్కాయు, బ్రిటిషు ఇండియాలో కల్దారు రూపాయియు నడచిన కాలమున 7 హాలీ రూపాయలకు 6 కల్దార్లు. సంత మధ్యను నిలిచి ‘వంద రూపాయ’లన్నచో, ఏ వంద యని అడుగక తప్పెడిది కాదు. ఒకే సంఖ్య, రెండు విలువలు. ఆ ప్రశ్న అడుగని వర్తకుడు నష్టపోయెను. ఆ ప్రశ్న అడుగని యంత్రము కూడ అట్లే నష్టపరచును.

ఇంకొక సూక్ష్మము. మోడ్‌బస్ గడి 16 బిట్లది. దానిలో పట్టు గరిష్ఠ సంఖ్య 65,535. అంతకు పెద్ద సంఖ్యను రెండు గడులలో పెట్టవలెను. ముందు గడిలో పెద్ద భాగమో చిన్న భాగమో మూలనియమము నిర్ణయింపలేదు. ఒక సంస్థ ఒక విధముగను, మరియొక సంస్థ తలక్రిందుగను పెట్టినవి. పంపినవాడు 1 అనుకొని పంపిన సంఖ్యను విన్నవాడు తిరగవేసి చదివినచో 65,536 అగును. గడుల లెక్క సున్నతో మొదలగునా, ఒకటితో మొదలగునా యను తేడా వలన ప్రక్కగడి చదివి మోసపోవుటయు కలదు. రెండు పరికరములు ఒకే భాషను ఎరుగుదుమని అట్టపెట్టెపై అచ్చువేసికొన్నను, అవి ఒకదాని నొకటి అపార్థము చేసికొనుటకు ఇన్ని మార్గములున్నవి.

ఈ లోపములను సవరింప బూనిన వారు అనేకులు. జర్మనీలో బాష్ సంస్థ మోటారు వాహనముల కొరకు 1986లో క్యాన్ అను పద్ధతిని లోకమునకు చూపెను. 1987లో ఆ దేశముననే 21 సంస్థలు కూడి ప్రోఫీబస్‌ను నిర్మింప నారంభించెను. పాత 4–20 తీగనే విడువక, ఆ ప్రవాహముపై సన్నని స్వరముల రూపమున సంఖ్యలను పంపు హార్ట్ అను ఉపాయము అదే దశాబ్దమున వచ్చెను; పాత పరికరములను పారవేయక క్రొత్త మాట నేర్పిన చక్కని ఉదాహరణమది. ప్రపంచమంతటికి ఒకే భాష నిర్ణయింపవలెనని అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము 1985లో ప్రయత్నము మొదలిడెను. దేశములును, సంస్థలును తమ తమ భాషకే పట్టము కట్టవలెనని పోరాడినవి. ఆ వివాదమును క్షేత్రతంతుల యుద్ధమని చెప్పుకొనిరి. 1999 చివరకు తేలిన ఫలితమేమనగా, ఒక్క భాషకు బదులు ఎనిమిది భాషలను ఒకే ప్రమాణములో చేర్చి అందరిని శాంతింపజేసిరి. ఒడంబడిక కుదిరెను గాని ఐక్యము కుదురలేదు.

యుద్ధము పైస్థాయిలో జరుగుచుండగా దాని భారము చిన్న పరికరములు చేయువారిపై పడెను. నీటిమట్టమును కొలుచు సాధనమును చేయు ఒక సంస్థ యున్నదనుకొందము. కొలుచుట దాని విద్య. కొనువారు ‘మా నియంత్రకము ఫలానా భాషను మాత్రమే ఎరుగును, మీ సాధనము ఆ భాష మాటలాడిననే కొందుము’ అనిరి. అప్పుడు ఆ సంస్థకు మూడు దారులు. తన ఇంజనీర్లచేత ఆ భాషాకార్యక్రమమును మొదటి నుండి వ్రాయించుకొనుట మొదటిది. మోడ్‌బస్ వంటి చిన్న భాషకు ఇది సాధ్యమే, పెద్ద భాషలకు సంవత్సరములు పట్టును. ఆ భాషలో నిపుణులైన వేరొక సంస్థ సిద్ధపరచిన సాఫ్ట్‌వేర్‌ను కొని తన పరికరమున ఇముడ్చుట రెండవది. మాటలాడుటకే ప్రత్యేకముగ చేసిన మరియొక బిళ్లను ప్రక్కన అతికించుట, లేక పరికరము వెలుపల దుబాసివంటి పెట్టె నొకదానిని నిలుపుట మూడవది. దుబాసి సులభోపాయము, కాని అతడు పడకవేసిన నాడు ఇరువురును మూగలే.

ఏ దారి త్రొక్కినను తప్పని కష్టములు కొన్ని కలవు. మొదటిది కాలము. మోడ్‌బస్‌లో ఒక మాట ముగిసినదని తెలియుటకు మూడున్నర అక్షరములు పట్టునంత మౌనము పాటింపవలెను. సెకనునకు 9,600 బిట్ల వేగమున అది సుమారు 4 మిల్లీసెకన్లు. పరికరము తన కొలత పనిలో మునిగి ఆ మౌనమును ఏమరినచో, ఒకరి మాట తోకను మరియొకరి మాట తలతో కలిపి వినును. రెండవది జ్ఞాపకము. మోడ్‌బస్ మాట ఒక్కటి 256 బైట్ల వరకు సాగవచ్చును. 128 బైట్ల జ్ఞాపకము గల ఆనాటి బిళ్ల దానిని మొత్తముగ మ్రింగలేదు. కనుక చిన్న పరికరములు ‘ఇన్ని గడులకు మించి నన్నడుగకుడు’ అని తమ పత్రములో వ్రాసికొన్నవి.

మూడవది చాల సూక్ష్మమైనది. ఊరికి ఇచ్చిన నీరు ఇంతయని కూడుకొనుచు పోవు మీటరు నొకదానిని ఊహింపుడు. లెక్క 65,535 కిలోలీటర్ల వద్ద నున్నది. అప్పుడు పై గడిలో 0, క్రింది గడిలో 65,535. మరుక్షణమున లెక్క 65,536 అగును: పై గడిలో 1, క్రింది గడిలో 0. పరికరము పై గడిని మార్చి క్రింది గడిని మార్చు సందున ప్రశ్న వచ్చినదా, సమాధానము 1,31,071. క్రింది గడిని ముందు మార్చియున్నచో సమాధానము సున్న. సరిచూపు సంఖ్య ఈ తప్పును పట్టలేదు, ఏలయన దారిలో ఏ అక్షరమును చెడలేదు. మీటరు సరియైనదే, తీగ సరియైనదే, భాష సరియైనదే. రెండు పనులు కలిసిన చోట తప్పు పుట్టినది. రెండు గడులను ఒకే ఊపున మార్చి, ఆ లోపల ఎవరిని చదువనీయకుండ కాపాడుట దీనికి మందు. పుస్తకములో ఒక వాక్యము. దానిని మరచిన చోట సంవత్సరమునకు ఒకమారు కనబడి మాయమగు లోపము.

నాలుగవది మన గీటురాయికి సంబంధించినది. కొలత కన్ను చెడిపోయినది, కాని మాటలాడు భాగము బాగున్నది. ప్రశ్న వచ్చినప్పుడు పరికరము మర్యాదగ తనకు గుర్తున్న పాత సంఖ్యనే మరల మరల చెప్పుచుండును. ‘తొట్టి ముప్పాతిక నిండియున్నది.’ ఉదయము అదే మాట, సాయంకాలము అదే మాట. తొట్టి ఎండి ఎంతసేపైనదో ఎవరికి తెలియును? పాత 4–20 తీగ తెగినప్పుడు సున్న చూపి నిజము చెప్పెను. క్రొత్త పరికరము చదువుకొన్నదై అబద్ధము చెప్పనేర్చెను! కనుక కొలతతో పాటు ‘ఈ కొలత నమ్మదగినదా, ఎప్పుడు తీసినది’ అను రెండు మాటలను గూడ చేర్చి చెప్పునట్లు చేయవలెను. దూరపు విద్యుత్ కేంద్రముల కొరకు 1990 దశకమున పుట్టిన 60870-5-101, డి.ఎన్.పి.3 అను భాషలు ఈ గుణసూచనను, కాలముద్రను తమ నియమములలోనే చేర్చుకొన్నవి. మోడ్‌బస్‌లో దానిని పరికరము చేయువాడే తలచి ఒక గడిలో పెట్టవలెను. తలచనివాడు పెట్టడు.

అర్థమును ఒడంబడికగ చేసికొన్నచో ఏమి జరుగునో చూపుటకు మన దేశపు విద్యుత్ మీటర్ల చరిత్ర మంచి నిదర్శనము. ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చిన తొలి దినములలో ఒక్కొక్క తయారీదారునికి ఒక్కొక్క రహస్య భాష. ఒకరి మీటరును చదువుటకు వారిచ్చిన సాఫ్ట్‌వేరే కావలెను. విద్యుత్ సంస్థ అయిదుగురి వద్ద మీటర్లు కొన్నచో అయిదు భాషలు నేర్వవలెను. 2008లో కేంద్రప్రభుత్వము విద్యుత్ పంపిణీ సంస్కరణల పథకమును విస్తరించి చేపట్టినప్పుడు ఈ బాబెలు గోపురము అడ్డు వచ్చెను. చర్చల మీదట 62056 అను అంతర్జాతీయ ప్రమాణమును మన అవసరములకు అనుగుణముగ సవరించి, 2011లో భారతీయ ప్రమాణముల సంస్థ ఐ.ఎస్. 15959 అను పేర ప్రకటించెను. తయారీదారులు తమ మీటర్లలో ఆ భాషను చేర్పవలసి వచ్చెను.

ఆ భాషలో ప్రతి రాశికి ఆరు అంకముల గుర్తు కలదు. 1, 0, 1, 8, 0, 255 అనునది వినియోగదారుడు తీసికొన్న మొత్తము విద్యుచ్ఛక్తి. ఏ కంపెనీ మీటరులోనైనను అదే గుర్తు, అదే అర్థము. సంఖ్య వెంటనే దాని ప్రమాణమును, దానిని ఎన్ని పదులతో హెచ్చించవలెనో కూడ పరికరమే చెప్పును. హాలీయా, కల్దారా యను ప్రశ్న పుట్టదు. ఇందులో మీటరు చేయువానికి కొంత శ్రమ పెరిగినది, వాని రహస్యము కొంత పోయినది. ప్రజాధనముతో కొన్న మీటరు ఒక్కరి గుప్పిటలో నుండి బయటపడినది.

ఈ లోపల ఇంకొక మార్పు వచ్చెను. 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్ తలపెట్టిన ఈథర్‌నెట్ కార్యాలయములను జయించి కర్మాగారములలో అడుగిడెను. 1999లో మోడ్‌బస్ ఆ దారిపై నడువ నేర్చెను. 2003లో ఈథర్‌క్యాట్ వంటి అతివేగ భాషలు వచ్చెను. ఒక గది దాటని మాట ఇప్పుడు లోకమంతట వినబడగలదు. అయితే మోడ్‌బస్ పుట్టినది తాళము వేసిన గదిలో. అడిగినవాడెవడని అది అడుగదు. ‘వాల్వు మూయుము’ అన్నచో మూయును. ఇట్టి లోపపు ఫలమును ఆస్ట్రేలియాలోని మరూచీ ప్రాంతము 2000 సంవత్సరమున అనుభవించెను. మురుగునీటి పంపులను రేడియో ద్వారా అదుపుచేయు అచ్చటి వ్యవస్థలోనికి అధికారము లేనివాడొకడు చొరబడి తప్పుడు ఆజ్ఞలు పంపగా, సుమారు 8 లక్షల లీటర్ల మురుగు వాగులలోనికి, ఉద్యానములలోనికి పొర్లిపోయెను. రేడియోలో వచ్చిన ఆజ్ఞ ఎవరిదో తెలిసికొను ఏర్పాటు ఆ పంపులకు లేదు. ఆజ్ఞ నిచ్చువాని గుర్తింపును పరీక్షించు రక్షిత రూపము మోడ్‌బస్‌కు 2018లో గాని రాలేదు. పాత పరికరములకు దానిని చేర్చుట సులభము కాదు. వాటి చిన్న బిళ్లలు ఆ లెక్కలకు చాలవు. కనుక వాటి ముందు కాపలాపెట్టెలను నిలుపవలసి వచ్చుచున్నది.

ఇక మన మెట్ట ప్రాంతములకు వత్తము. మిషన్ భగీరథ గొట్టములు పూడ్చిన కందకములలోనే కాంతితీగలు లాగుటకు వేరు గొట్టములను గూడ అమర్చుట తెలంగాణమున జరిగిన పని. నీరును మాటయు ఒకే కందకమున నడచుట చూడ ముచ్చట గొలుపును. 2019 ఆగస్టు 15న ప్రకటితమైన జల్ జీవన్ మిషన్ క్రింద పల్లెల నీటి సరఫరాను కొలతపరికరములతో గమనించు ప్రయత్నములు దేశమంతట జరుగుచున్నవి. దారి సిద్ధమగుచున్నది; పరికరములు చౌకయైనవి. ఆనాటి 8051 చేయలేని పనులను నేటి నాణెమంత బిళ్ల అనాయాసముగ చేయును.

కాని తీగ చేరినంత మాత్రమున వార్త చేరినట్లు కాదని ఈ చరిత్ర అంతయు చెప్పుచున్నది. తొట్టిపై మాపకము పెట్టించు పంచాయతీయైనను, ప్రభుత్వ ఇంజనీరైనను కొనుగోలు పత్రములోనే అడుగవలసిన మాటలు కొన్ని కలవు. పరికరము మాటలాడు భాష బహిరంగ ప్రమాణమేనా? ఏ గడిలో ఏ కొలత, ఏ ప్రమాణమున, ఏ వరుసలో నున్నదో తెలుపు పట్టిక మన చేతికి వచ్చునా? కన్ను చెడినప్పుడు పరికరము ఆ సంగతి చెప్పునా, లేక నిన్నటి సంఖ్యనే వల్లించునా? ఆజ్ఞ నిచ్చినవాడు అర్హుడని అది పరీక్షించునా? తయారీదారు రేపు దుకాణము మూసికొన్నచో వేరొకరు ఆ పరికరముతో మాటలాడగలరా? ఇవి శాస్త్రజ్ఞుల ప్రశ్నలుగ తోచవచ్చును. వీటికి సమాధానము లేని చోట చివరకు మూల్యము చెల్లించునది బిందె మోయు చేయి.

మన పల్లెలలో నీరటి వృత్తి చాలవరకు అంతరించినది. అతని స్థానమున చిన్న చిన్న యంత్రములను నిలుపుచున్నాము. నీరటిని ఊరివారు నమ్మినది అతడు ఎప్పుడును తప్పు చేయడని కాదు. చెరువులో నీరు లేకున్న లేదనియు, తాను చూడకున్న చూడలేదనియు చెప్పునను విశ్వాసముతో నమ్మిరి. తొట్టి ఖాళీ యగుటకును వార్త రాకుండుటకును గల భేదమును మర్రిగూడ వంటి ఊళ్లలో నిలుపు ప్రతి పరికరమునకు నేర్పుట మన కాలపు ఇంజనీర్ల బాధ్యత. అది నేర్చినదో లేదో అడిగి తెలిసికొనుట ఆ నీరు త్రాగు మనందరి హక్కు.